జహీదా తీసేసిన మైనస్

జహీదాకు ఒక జబ్బుంది. ఎక్కడ అతుకు కనబడినా కళ్ళు అక్కడే ఆగిపోతాయి. పెళ్ళికి వెళ్తే అందరూ పెళ్ళికూతురి నగలు చూస్తారు. ఈవిడ షామియానా గుడ్డ మీద పువ్వు సగంలో తెగి, పక్క ముక్కలోని పువ్వుతో కలవకుండా ఎక్కడ పోయిందో చూస్తుంది. గృహప్రవేశానికి పిలిస్తే టైల్స్ దగ్గర నిలబడిపోతుంది. ఆ ఇంటావిడేమో తన గచ్చు మెచ్చుకుంటోందనుకుని మురిసిపోతుంది. మనమెందుకు చెప్పడం, మురవనిద్దాం.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. పెడనలో వాళ్ళ నాన్న సర్దార్ బల్ల దగ్గర పట్టుకున్నది. వాళ్ళది కలంకారీ అచ్చులు వేసే ఇల్లు. చెక్క అచ్చుని రంగులో అద్ది గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క పోటు పొడుస్తారు. పక్కనే మళ్ళీ ఇంకొకటి. మొదటి అచ్చులో తీగ ఎక్కడ ఆగిందో రెండో అచ్చులో తీగ సరిగ్గా అక్కడే అందుకోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, దుప్పటి పరిచాక ఆ గీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సర్దార్ నోరు చేసుకునే మనిషి కాదు. అతుకు కనబడిన చోట వేలు పెట్టి కూతురి ముఖంలోకి చూసేవాడు, అంతే. ఆ చూపు కంటే రెండు దెబ్బలు తినడం నయం. హైస్కూల్లోకి వచ్చేసరికి జహీదా వేసిన దుప్పటిలో మొదటి అచ్చేదో ఆఖరి అచ్చేదో సర్దారే వెతుక్కోవలసి వచ్చేది. ఆ పిల్లకి గర్వం అక్కడ మొదలైంది. ఆ గర్వమే పాతికేళ్ళ తర్వాత ఒక పెద్దమనిషి పరువు మీదికి తెచ్చింది.

ఆ పెద్దమనిషి వెంకటాద్రి గారు. సొంతూరు దివిసీమలో అవనిగడ్డ. గుడివాడలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. జహీదా బందరులో ఒక ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేస్తూ, ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరింది. ఆయనకు ఆఖరి స్టూడెంటు ఆవిడే.

ఇక్కడ కొంచెం ఫిజిక్స్ చెప్పక తప్పదు. భయపడకండి, నేనూ అంతంతమాత్రమే. ఒక ఎలక్ట్రాన్ సంగతి కాగితం మీద తేల్చెయ్యొచ్చు. రెండింటిదీ ఓపికుంటే తేల్చొచ్చు. గుంపు అయ్యేసరికే చిక్కు. ఇది ఫలానా చోట ఉందని ఏ ఒక్కదాని గురించీ చెప్పలేం. అవి ఇలా ఉండొచ్చు, అలా ఉండొచ్చు అన్న అమరికలన్నీ ఒకేసారి లెక్కలోకి రావాలి. ఎలక్ట్రాన్లుండే చోట్లని గదులనుకుంటే, గది ఒక్కటి పెంచినప్పుడల్లా ఆ అమరికలు రెట్టింపవుతాయి. ఇరవై గదులకే పది లక్షలు దాటిపోతాయి. అందుకని కంప్యూటర్లో చిన్న నమూనా కట్టి, దాన్ని బట్టి పెద్దదాని సంగతి అంచనా వేస్తారు. నమూనాకి చివర్లుంటే ఆ చివర్ల దగ్గర ఎలక్ట్రాన్లు వేరే రకంగా తిరుగుతాయి కాబట్టి, ఆఖరి గదిని తీసుకొచ్చి మొదటి గదికి కలిపేస్తారు. వలయం అవుతుంది. ఆ గదుల్లో ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. నెట్టుడు తక్కువైతే హాయిగా తిరుగుతాయి, కరెంటు పారుతుంది. ఎక్కువైతే ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. ఎంత నెట్టుడు దగ్గర బిగుసుకుంటాయన్నది ప్రశ్న.

వెంకటాద్రి గారు ఒక రకం వలయానికి ఆ జవాబు కనిపెట్టారు. పాతికేళ్ళ కిందట, వేసవి సెలవులన్నీ యూనివర్సిటీ కంప్యూటర్ గదిలో గడిపి, వాళ్ళ దయ ఉన్నప్పుడు ఒక గంట, లేనప్పుడు వరండాలో కూర్చుని సాధించిన అంకె. ఒకటి పాయింట్ ఏడు. ఆయన జీవితంలో చేసిన పరిశోధన అదొక్కటే. ఎక్కడెక్కడి వాళ్ళో తమ వ్యాసాల్లో దాన్ని తలుచుకున్నారు. ఆ రంగంలో ఆయన పేరు చెబితే గుర్తొచ్చేదీ అదే. ఆ అంకె లేకపోతే ఆయన ఒక రిటైర్డ్ లెక్చరర్, అంతకుమించి ఏమీ లేదు.

జహీదా చేరిన కొత్తలో ఆయన తన పాత ప్రోగ్రాం ఆవిడ చేతిలో పెట్టి, దీన్ని ఇప్పటి పద్ధతిలోకి మార్చుకొని పెద్ద వలయాలకి చెయ్యమ్మా అన్నారు. జహీదా లైను లైనూ చదువుకుంటూ మార్చుకుంటూ వచ్చింది. ఆఖరి గదిని మొదటి గదికి కలిపే చోట ఆవిడ కళ్ళు ఆగిపోయాయి. మిగతా గదులన్నిటికీ ఒకే సూత్రం. అక్కడొక్కచోటే ఒక లైను అదనంగా ఉంది: కొన్ని సందర్భాల్లో గుర్తు మార్చు, ప్లస్‌ని మైనస్ చెయ్యి. చెప్పాను కదా ఆవిడ జబ్బు. వలయానికి మొదలేమిటి, చివరేమిటి? ఎక్కడ మొదలుపెట్టామన్నది మన ఇష్టం. మన ఇష్టాన్ని బట్టి మారేది ప్రకృతిలో ఉండదు. మరి ఈ అతుకేమిటి, అసహ్యంగా? పాతకాలం కంప్యూటర్‌తో వేగలేక చేసిన సర్దుబాటు అయ్యుంటుందనుకుంది. తీసేసింది. ఇప్పుడు వలయం అచ్చు కలిసిన దుప్పటిలా శుభ్రంగా ఉంది. సార్‌ని అడగాలని కూడా తోచలేదు.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. ఆవిడ భర్త సుహైల్‌కి బందరులో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపుంది. పాత సామాను పోగేసి భార్యకి ఒక పెద్ద కంప్యూటర్ కట్టిచ్చాడు. అది వేడెక్కకుండా ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ దాని గదిలో పెట్టాడు. వేసవిలో మొగుడూ పెళ్ళాం ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటే ఎలక్ట్రాన్లు చల్లగా లెక్కలు తేల్చుకునేవి. ఆ నమూనాలో గదుల తీరు నాలుగింటికొకసారి మళ్ళీ మొదటికొస్తుంది గనక గదుల్ని నాలుగేసి చొప్పున పెంచుకుంటూ పోయింది. సగం గదుల్లో ఎలక్ట్రాన్లు. ఇరవైనాలుగు గదుల దాకా వెళ్ళింది. జవాబు ఒకటి పాయింట్ ఏడు రాలేదు. రెండు పాయింట్ మూడు వచ్చింది.

అవనిగడ్డ వెళ్ళి, వెంకటాద్రి గారి వసారాలో కూర్చుని, ఆ మాట ఆయన ముఖానే చెప్పింది.

"చిన్న వలయం వల్ల మీకు తప్పొచ్చినట్టుందండీ."

"పన్నెండు గదుల దగ్గర నీదీ నాదీ కలిశాయా అమ్మా?"

"కొంచెం తేడా ఉందండీ. మీ రోజుల్లో కంప్యూటర్లు అంతే కదండీ మరి."

ఆ తేడాని అక్కడే పట్టుకుని ఉంటే నేను ఈ కథ చెప్పేవాణ్ణి కాదు. వెంకటాద్రి గారి భార్య రావమ్మ గారు కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు.

"చేత్తో సరిచూశావా?" అన్నారు వెంకటాద్రి గారు.

"చూశానండీ. సాదా వలయానికి, ఆరు గదుల్లో మూడు ఎలక్ట్రాన్లు. కాగితం మీద ఎంతొచ్చిందో కంప్యూటర్లోనూ అంతే వచ్చింది."

"చేత్తో కలిస్తే ఇంకేముంది. నాదే తప్పు."

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు జహీదాకు కొంచెం బాధ కలిగింది. కొంచెం గర్వంగానూ అనిపించింది. ఏది ఎక్కువో ఆవిడ ఇప్పటికీ చెప్పదు.

ఆ డిసెంబరులో గుడివాడ కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వెంకటాద్రి గారికి సన్మానం పెట్టారు. హెడ్డు ప్రేమ్ సాగర్ ఆయన శిష్యుడే. ఆదివారం ఉదయం సభ. వెంకటాద్రి గారు ఒక షరతు పెట్టారు: సన్మానం చేయించుకుంటాను, కానీ నా అంకె తప్పని నేనే అందరి ముందూ చెబుతాను, దాన్ని సరిచేసిన అమ్మాయికి కూడా శాలువా కప్పాలి. యూనివర్సిటీల నుంచి తెలిసినవాళ్ళని కూడా పిలిపించుకున్నారు. నా తప్పు నా నోటితో చెప్పకపోతే చెల్లదని ఆయన పట్టుదల. పైగా జహీదా థీసిస్ ఇవ్వడానికి గడువు ఆ నెలాఖరే.

ఆ ఆదివారం పొద్దున్నే లేచి జహీదా తన ప్రసంగానికి ఒక చిన్న ఉదాహరణ తయారు చేసుకుంటోంది. డిగ్రీ పిల్లలుంటారు మేడమ్, తేలిగ్గా ఉండేది చెప్పండని ప్రేమ్ సాగర్ ముందే అడిగాడు. నాలుగు గదులు, రెండు ఎలక్ట్రాన్లు, నెట్టుకోవడాలు లేవు. ఇంటర్ పిల్లలకి కూడా అర్థమయ్యే లెక్క. బోర్డు మీద ఎలా చెయ్యాలో కాగితం మీద చేసుకుంది. శక్తి మైనస్ రెండు. తెర మీద కూడా చూపిస్తే బాగుంటుందని అదే కంప్యూటర్లో వేసింది.

మైనస్ రెండు పాయింట్ ఎనభై మూడు.

మొదట నవ్వొచ్చింది. ఏదో తప్పు టైపు చేశాననుకుంది. మళ్ళీ వేసింది. అదే. కాగితం మీద మళ్ళీ చేసింది. అదీ అదే. మూడు ఎలక్ట్రాన్లు వేసి చూసింది, చక్కగా కలిసింది. గదులు పెంచి అయిదు వేసింది, కలిసింది. నాలుగు వేస్తే కలవలేదు. ఆరు వేస్తే కలవలేదు. బేసి సంఖ్య అయితే రైటు, సరిసంఖ్య అయితే తప్పు. ఇన్నేళ్ళూ వేసిన పెద్ద వలయాలన్నీ నాలుగేసి గదులు పెంచుకుంటూ వేసినవి. వాటిలో సగం, అంటే ఎప్పుడూ సరిసంఖ్యే. చేత్తో సరిచూసుకున్న ఆ ఒక్క లెక్కలో మాత్రం మూడు.

అతుకు దగ్గర తీసేసిన ఆ లైను గుర్తొచ్చింది. దాన్ని తిరిగి రాసింది. నాలుగు గదులు, రెండు ఎలక్ట్రాన్లు: మైనస్ రెండు. పన్నెండు గదులు వేసింది. వెంకటాద్రి గారి పాత వ్యాసంలో అచ్చయిన అంకె చివరి దశాంశం దాకా వచ్చి కూర్చుంది. పదహారు వేసింది. ఒకటి పాయింట్ ఏడు వైపే వెళ్తోంది.

ఆయన తప్పు కాదు. ఎప్పుడూ తప్పు కాదు. ఇంకాసేపట్లో ఆయన వేదిక ఎక్కి, తన బతుకులో మిగిలిన ఆ ఒక్క అంకె మీదా తన చేత్తోనే కొట్టివేత గీయబోతున్నారు. అదీ జహీదా మాట నమ్మి.

ఫోను తీసి ఆయన నంబరు కొట్టింది. రావమ్మ గారు ఎత్తారు.

"ఆయన ఫోను ఇక్కడే వదిలేసి తెల్లారేసరికే బస్సెక్కారమ్మా. సభలో మోగుతుందిట."

"అమ్మా, సార్‌తో అర్జెంటుగా మాట్లాడాలండీ."

"అక్కడికే వస్తున్నావుగా తల్లీ." ఆవిడ ఒక్క క్షణం ఆగారు. "నీ మీద ఆయనకేం కోపం లేదమ్మా. నువ్వు వచ్చి చెప్పినప్పటి నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదు, అంతే. రాత్రి మాత్రం, రేపటితో భారం దిగిపోతుంది రావమ్మా అన్నారు. నువ్వు దగ్గరుండి చూసుకో."

జహీదాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు. ప్రేమ్ సాగర్‌కి చేసింది.

"ప్రేమ్ సాగర్ గారూ, సార్‌ని ఇవాళ ఆ విషయం చెప్పొద్దనండి. నా లెక్కలో తప్పుంది. ఆయనదే రైటు."

వెనక మైకు సరిచూస్తున్న గోల. "మేడమ్, మీరు మరీ మొహమాటపడిపోతున్నారు. సార్ ముందే చెప్పార్లెండి, ఆ అమ్మాయి నన్ను నొప్పించకూడదని చివరి నిమిషంలో ఏదో ఒకటి అంటుంది, వినకండని. మీరు వచ్చెయ్యండి, మీకూ శాలువా ఉంది."

"శాలువా కాదండీ, వినండి..."

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

గుడివాడ రైలు అప్పటికే వెళ్ళిపోయింది. సుహైల్ బండి తీశాడు. భార్య వెనక కూర్చుని లాప్‌టాప్ సంచీ గుండెలకు హత్తుకుంది. కోతల రోజులు. పెడన దాటేసరికి రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, ఉన్న సగం రోడ్డు మీద గడ్డి ట్రాక్టర్లు. ఒక ట్రాక్టరు వాడు రోడ్డంతా తనదే అన్నట్టు నడుపుతూ హారన్ కొట్టినా చెవిన వేసుకోలేదు. జహీదా నోట ఎన్నడూ రాని ఉర్దూ తిట్టొకటి వచ్చింది. సుహైల్ వెనక్కి తిరిగి చూశాడు.

"ముందు చూడండి," అంది.

"ఒక మాట అడగనా? వాళ్ళు నమ్మకపోతే నమ్మకపోయారు. ఆయన చెప్పేదేదో చెప్పేసుకుంటాడు. నువ్వు థీసిస్ ఇచ్చెయ్. ఆ మైనస్ సంగతి ఎవడికి తెలుసు?"

ఆ మాట పైకి అన్నది సుహైలే కానీ, లాప్‌టాప్ మూసేటప్పుడు అదే మాట ఆవిడ మనసులోనూ ఒకసారి తొంగిచూసింది. అందుకే ఒళ్ళు మండింది.

"నాకు తెలుసు," అంది. "ఇంకోసారి అనకండి."

గుడ్లవల్లేరు దగ్గర గేటు పడింది. గూడ్సు రైలు. పెట్టె వెనక పెట్టె, తెమలదు. జహీదా బండి దిగి గేటు కర్ర పట్టుకుని నిలబడింది, తోస్తే రైలు తొందరగా వెళ్తుందేమో అన్నట్టు. సార్ ఇప్పుడు పెసరట్టు తింటూ ఉంటారా, వేదిక ఎక్కేశారా, దీపం వెలిగించారా? సభలు ఎప్పుడూ గంట ఆలస్యంగా మొదలవుతాయి కదా, ఇవాళ కూడా అలాగే ఏడవాలని అల్లాని వేడుకుంది. మన సభల ఆలస్యం మీద అంత ఆశ పెట్టుకున్న మనిషి ఇంకొకరుండరు.

ఆ ఒక్కరోజే సభ టైముకి మొదలైంది. వెంకటాద్రి గారు దగ్గరుండి మొదలుపెట్టించారట.

కాలేజీ మెట్లెక్కుతుండగానే మైకులో ఆయన గొంతు వినబడింది. జహీదా పరుగెత్తింది. హాలు గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన అంటున్నారు: "...కనుక ఆ అంకె తప్పు. పాతికేళ్ళు నేను తప్పు చెప్పాను. ఎవరైనా దాన్ని వాడుకుని ఉంటే క్షమించండి. సరైన జవాబు నా స్టూడెంట్ జహీదాది. అదిగో, వచ్చింది."

హాలంతా వెనక్కి తిరిగింది. చప్పట్లు. వెనక వరసల్లో పిల్లలు లేచి నిలబడి మరీ కొడుతున్నారు. ప్రేమ్ సాగర్ ఎదురొచ్చి చెయ్యి చూపిస్తూ జహీదాని వేదిక మీదికి తీసుకుపోయాడు. ఆవిడ నోరు తెరిచేలోగా ముఖ్య అతిథి గణపతి గారు, రైసుమిల్లు యజమాని, వెంకటాద్రి గారి తొలి బ్యాచీ విద్యార్థి, శాలువా విప్పి భుజాల మీద కప్పేశారు. ఫొటో కోసం ఒకసారి తీసి మళ్ళీ కప్పారు. పక్కనే వెంకటాద్రి గారు ఇస్త్రీ చొక్కాలో నిలబడి నవ్వుతున్నారు.

జహీదా మైకు లాక్కుంది. నిజంగానే లాక్కుంది, ప్రేమ్ సాగర్ చేతిలోంచి.

"సార్ చెప్పింది తప్పండీ. సార్ అంకే రైటు. నాదే తప్పు."

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరసలో ఆగి, తర్వాత మధ్యలో ఆగి, వెనక ఎవరో ఒకడు ఇంకా కొడుతూ సిగ్గుపడి ఆపాడు.

"ఏమ్మా?" అన్నారు వెంకటాద్రి గారు.

"వలయం కలిపే చోట మీ ప్రోగ్రాంలో గుర్తు మార్చే లైనుంది కదండీ. అది నేను తీసేశాను. మొదట్లోనే. మీకు చెప్పలేదు. ఎలక్ట్రాన్లు బేసిగా ఉంటే ఆ లైను లేకపోయినా జవాబు కలుస్తుంది. నేను సరిచూసింది మూడింటితో. సరిసంఖ్యలన్నీ తప్పండీ. ఇవాళ పొద్దున్నే తెలిసింది. పన్నెండు గదులకి మీ అంకే వచ్చింది." ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అంతా ముఖాన రాసినట్టే ఉంది కనక ఈసారి మొహమాటమని ఎవరూ అనుకోలేదు.

గణపతి గారు మెల్లిగా ప్రేమ్ సాగర్ వైపు వంగారు. "అయితే ఇప్పుడు ఎవరిది రైటండీ?" ఆ గుసగుస మైకులో హాలంతా వినబడింది. ఎవరూ నవ్వలేదు.

వెంకటాద్రి గారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. ఆయన ముఖంలో సంతోషం కోసం జహీదా వెతికింది. కనబడలేదు. అడక్కుండా తీసేశావా అంటారని, పాతికేళ్ళ పనిని ఒక్క మాటతో పడగొట్టించావని అంటారని ఎదురుచూసింది. అంటే బాగుండునని కూడా అనుకుంది.

"అప్పుడే అడగాల్సింది సార్ మిమ్మల్ని, ఈ లైను ఎందుకని," అంది.

"అడిగితే ఏం చెప్పేవాణ్ణి?" అన్నారాయన.

ఆవిడకు అర్థం కాలేదు. ఆయన చెయ్యి చాచి మైకు అడిగి తీసుకున్నారు. హాలుకి చెబుతున్నట్టు మొదలుపెట్టి, చివరికి ఆవిడకే చెప్పారు.

"ఆ లైను నేను రాయలేదమ్మా. యూనివర్సిటీలో శామ్యూల్ రాజ్ అని నా సీనియర్ ఉండేవాడు. ప్రోగ్రాం ఆయనది. నేను గదులూ, నెట్టుడూ మార్చుకున్నాను గానీ అతుకు దగ్గరి ఆ లైను జోలికి పోలేదు. ఎందుకుందో నాకు తెలీదు. అడిగితే ఇది కూడా రాదా అంటాడని భయం. తర్వాత ఆయన పోయాడు. ఆ పైన ఇంకెవర్నీ అడగలేక, తెలిసినట్టే ఉండిపోయాను. పుస్తకంలో ఉన్న మాట చెప్పగలను. కళ్ళతో చూసినట్టు మాత్రం ఎప్పుడూ తెలీదు. నువ్వు అర్థం కాలేదని తీసేశావు. నేను అర్థం కాలేదని ఉంచేశాను. నాకు కలిసొచ్చింది, అంతే."

ఇంతకుముందు తన అంకె తప్పని చెప్పినప్పుడు ఆ గొంతు వణకలేదు. ఇప్పుడు వణికింది. అంత పెద్దాయన, అంతమంది శిష్యుల ముందు, ఎవరూ అడగని మాట ఒప్పుకుంటుంటే జహీదాకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. కొత్త శాలువాతోనే తుడుచుకుంది.

"ఇవాళ నీకు తెలిసిందా, ఎందుకో?" అన్నారాయన.

"దారిలో తెలిసిందండీ. గేటు దగ్గర."

"చెప్పు మరి."

ఆవిడ చుట్టూ చూసింది. వేదిక మీది కుర్చీలు నాలుగు లాగి వరసగా వేసింది. "ఇవి నాలుగు గదులు, నాలుగో దాని తర్వాత మళ్ళీ మొదటిదే. మీరు రెండో దాంట్లో కూర్చోండి సార్." తను వెళ్ళి నాలుగో దాంట్లో కూర్చుంది. "ఇప్పుడు వరసలో ముందెవరండీ?"

"నేను."

జహీదా లేచి, కుర్చీల వెనకనుంచి చుట్టూ నడిచి వచ్చి, మొదటి కుర్చీలో కూర్చుంది. "ఇప్పుడు?"

"నువ్వు." ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "నేను కదల్లేదే."

"కదలక్కర్లేదండీ. వరస తారుమారైంది. రెండు ఎలక్ట్రాన్ల వరస తారుమారైతే గుర్తు మారాలి. మధ్యలో మనం ఒకరినొకరం దాటలేదు కదా అని నేను అనుకున్నాను. చుట్టూ తిరిగొచ్చినా దాటినట్టేనండీ. ఇక్కడ ఇంకొకరున్నారనుకోండి, ఇద్దర్ని దాటినట్టు. గుర్తు రెండుసార్లు మారి మళ్ళీ మామూలవుతుంది. అందుకే మూడుకి నా లెక్క కలిసింది."

వెంకటాద్రి గారు తన ఎడమ పక్కన కూర్చున్న జహీదానీ, కుడి పక్కన ఖాళీ అయిన కుర్చీనీ మార్చి మార్చి చూశారు. ఆవిణ్ణి మళ్ళీ ఒకసారి లేచి నడవమన్నారు. ఆవిడ నడిచింది. ఆయన వేలితో గాలిలో లెక్కపెట్టుకున్నారు.

"ఇదా!" అన్నారు. "ఇంతేనా!" ఆ కుర్చీలోనే వెనక్కి వాలి, డెబ్భై దాటిన మనిషి పకపకా నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆగేసరికి చాలాసేపు పట్టింది.

గణపతి గారు శాలువా వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోయారు. జహీదా తీసి మడిచి ఆయన చేతికివ్వబోతే వెంకటాద్రి గారు వద్దని చెయ్యి ఊపారు. ఆ నెలాఖరుకి ఇవ్వాల్సిన థీసిస్ ఇక లేదు, యూనివర్సిటీ వాళ్ళు మళ్ళీ గడువిస్తారో లేదో తెలీదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. జనం భోజనాలకి లేచారు. సుహైల్ గుమ్మంలో నిలబడి, అయిందా లేదా అన్నట్టు సైగ చేస్తున్నాడు.

వెంకటాద్రి గారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"అమ్మా జహీదా, నిజం చెప్పు. నా ప్రోగ్రాంలోంచి ఇంకేమైనా తీసేశావా?"

జహీదా తల దించుకుంది. "ఇంకో రెండు లైన్లు తీశానండీ. మీకు తెలుసా సార్, అవి ఎందుకున్నాయో?"

"తెలీదమ్మా," అన్నారాయన. ఆవిడ సంచీ విప్పి లాప్‌టాప్ తీస్తుంటే తన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.